మన ఊళ్ళ పేర్లలోని బందరు



ఈ మలేసియా దేశములో మనము రోజూ పలికే మాట ఒకటి ఉన్నది. అది ‘బందర్’. మలయ భాషలో పట్టణము అని అర్థము. మన పిల్లలు దానిని అచ్చమైన మలయ మాట అనుకుంటారు. నిజానికి అది పారసీక పదము. ఓడరేవు అని దాని అర్థము. ఓడల మీద తిరిగే వర్తకుల నోట ఆ మాట ఇక్కడికీ వచ్చినది, కృష్ణా జిల్లాలోని మచిలీపట్నానికీ చేరినది. ఆ ఊరిని అక్కడివారు నేటికీ ‘బందరు’ అనే అంటారు. ఆ బందరును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తెలుగువారు ఈ గడ్డకు రబ్బరు తోటల కూలీలుగా వచ్చినారని మన ఇళ్ళలో అందరికీ తెలుసును. అందులో సిగ్గుపడవలసినది లేదు. మన తాతల చెమటతోనే మనము ఈ సభలో కూర్చున్నాము. కాని ఈ సముద్రముతో తెలుగువారి పరిచయము తోటలతో మొదలైనది కాదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దములో గ్రీకు భాషలో వ్రాసిన ఒక నావికుల గ్రంథము ఈ తీరాన్ని ‘మసాలియా’ అన్నది. ఇక్కడ సన్నని నూలు బట్ట విస్తారముగా తయారవుతుందని చెప్పినది. మరుసటి శతాబ్దములో టాలెమీ ‘మైసోలియా’ అని వ్రాసినాడు. పదిహేను వందల ఏండ్లు గడిచినా ఆ తీరపు సరకు మారలేదు, అదే బట్ట! గోలకొండ కుతుబ్ షాహీల కాలములో బందరు ఓడలు పారసీక దేశానికీ, ఎర్ర సముద్రానికీ, పెగూకూ, అచేకూ పోయేవి. మన కెడా, పెరాక్ తీరాలకు వచ్చి బట్టలు దించి తగరము ఎత్తుకొని పోయేవి. అంతకు ముందే, 15వ శతాబ్దపు మలక్కాలో, సుల్తానులు నలుగురు షాబందరులను నియమించి, వారిలో ఒకరికి కళింగ, వంగ, పెగూ, పాసై వర్తకుల బాధ్యత అప్పగించినారు. కళింగమంటే మన తీరమే కదా!

డచ్చివారు 1605లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ బందరులో దిగినారు. చిత్రమేమిటంటే అంత పేరున్న రేవులో లోతు లేదు. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే పడవల మీద సరకు చేరవేసేవారు. 1687లో గోలకొండ పడిపోయినది. వ్యాపారము మెల్లగా మద్రాసుకు తరలినది. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చి మగ్గాల నోట మట్టి కొట్టినది. 1832-33 నందన కరువు ఆ ప్రాంతాన్ని ఊడ్చివేసినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణాలు పోయినవి. అటు తరువాత బందరు మళ్ళీ మహారేవు కాలేదు. మన పూర్వులు మలయాకు బయలుదేరినప్పుడు ఎక్కువమంది ఓడ ఎక్కినది మద్రాసు, నాగపట్నము రేవులలో.

అయినా ఊరు చావలేదు. 1902లో కృష్ణాపత్రిక అక్కడ పుట్టినది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును అక్కడే స్థాపించినారు. 2020లో అది వేరొక బ్యాంకులో కలిసిపోయి పేరు కూడ మిగలలేదు. చిలకలపూడిలో గిల్టు నగలు చేస్తారు. బందరు లడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు. శనగపిండి పూసను వేయించి, దంచి, బెల్లపు పాకములో మళ్ళీ రోకటితో తొక్కితేనే అది లడ్డు. యంత్రానికి ఆ ఓపిక ఎక్కడిది?

అన్నిటికంటె ముఖ్యమైనది కలంకారీ. బందరుకు దగ్గరనే ఉన్న పెడనలో నేటికీ టేకు అచ్చులతో బట్ట మీద అద్దుతారు. ముందు బట్టను కరక్కాయ నీళ్ళలో తడిపి ఎండవేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లము కలిపి రోజుల తరబడి నానవేసిన నీరు కరక్కాయ తగిలిన బట్ట మీద పడితే నల్లని గీత అవుతుంది. ఎరుపు కావలసినచోట పటిక అద్దుతారు. అప్పటికి అక్కడ ఏ రంగూ కనబడదు. కాలువలో జాడించి, రంగు వేళ్ళు వేసిన కాగులో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటనే ఎరుపు తేలుతుంది. పారే నీరు, మంచి ఎండ, అద్దకపువాని చేయి — మూడింటిలో ఏది లోపించినా బట్ట చెడిపోతుంది. ఈ విద్యకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. అయినా రసాయనపు రంగులతో తెర మీద గీసి దించిన చౌక గుడ్డ అదే పేరుతో అంగళ్ళలో అమ్ముడవుతున్నది. దానితో పోటీపడి అచ్చు పట్టేవానికి కూలి గిట్టటము కష్టమే.

ఇక కొత్త రేవు. దానికి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరొకసారి పునాదిరాయి పడినది. మూడవ రాయి తరువాత పనులు గట్టిగా సాగినవి. మళ్ళీ పెద్ద ఓడ బందరుకు వస్తే దాని కడుపులో పెడన బట్ట ఉంటుందా, బొగ్గు మాత్రమే ఉంటుందా అన్నదే మా సందేహము.

మనలో అనేకులు బంధువులను చూడటానికి శ్రీకాకుళము, విశాఖపట్నము పోయి వస్తున్నారు. ఈసారి విజయవాడలో దిగండి. అక్కడినుంచి బందరు డెబ్బై కిలోమీటర్లు. పెడనలో అద్దకపు పాకకే వెళ్ళి, కాలువ గట్టున ఆరవేసిన బట్ట చూసి, అచ్చుతో అద్దినదేనా అని అడిగి కొనండి. పిల్లలను కూడ తీసుకొని వెళ్ళండి; ఊరి పేరు వారే చదువుతారు.