బరువు తగ్గే దారిలో పడి లేవడం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాకు అప్పగించిన విషయం స్థూలకాయం. సాధారణంగా ఈ విషయం మీద మాట్లాడేవారు ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పి కూర్చుంటారు. అవి మీకు తెలియనివి కావు. తీపి తగ్గించాలని, నూనె తగ్గించాలని, నడవాలని మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. తెలిసి కూడా నిలుపుకోలేకపోతున్నాం, అదీ అసలు చిక్కు. ఒకటికి మూడుసార్లు తగ్గి, మళ్ళీ మూడుసార్లూ పెరిగినవారు మనలో చాలామంది ఉన్నారు. "ఇక నా వల్ల కాదు బాబూ" అని వదిలేసినవారూ ఉన్నారు. ముఖ్యంగా వారితోనే నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాము.

ఇది అందచందాల సంగతి కాదు. భారత వైద్య పరిశోధనా మండలి తరఫున జరిగి, 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మన ప్రాంతపు వారికి మరో ఇబ్బంది ఉంది. తెల్లవారితో పోలిస్తే మనకు తక్కువ బరువు దగ్గరే, అందులోనూ పొట్ట పెరగడంతోనే, ఈ ముప్పు మొదలవుతుంది. అందుకే 2009లో మన దేశపు నిపుణులు భారతీయులకు ప్రత్యేకంగా కొలతలు చెప్పారు. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు పెట్టి చూసుకోవాలి. దర్జీ టేపు లేని ఇల్లు ఉండదు కదా, ఈ రాత్రికే చూసుకోండి.

ఇక తగ్గి మళ్ళీ పెరిగినవారి సంగతి. ఇలాంటివారిని చుట్టాలు ఏమంటారు? "నోరు కట్టుకోలేడు, అంతే!" అని తేల్చేస్తారు. ఆ మాట పూర్తిగా న్యాయం కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వైద్యులు 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ ఆహారమిచ్చి బరువు తగ్గించారు. తరువాత ఏడాదిపాటు గమనించి 2011లో ఫలితం ప్రకటించారు. ఏడాది గడిచినా వారి రక్తంలో ఆకలి పుట్టించే హార్మోన్లు ఎక్కువగానే, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు తక్కువగానే ఉన్నాయి. అంటే బరువు తగ్గిన మనిషిని వాని శరీరమే వెనక్కి లాగుతుంది. కరువు వచ్చిందనుకొని దాచుకోవాలని చూస్తుంది. దానితో కుస్తీ పట్టేవాడు ఒకటి రెండుసార్లు పడ్డాడంటే ఆశ్చర్యం లేదు.

మరి గెలిచినవారే లేరా అంటే, ఉన్నారు. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్టరు నడిపారు. కనీసం 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండా నిలబెట్టుకున్నవారినే అందులో చేర్చుకున్నారు. వేలమంది చేరారు. మొదట్లో చేరినవారిని విచారిస్తే, పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది అంతకు ముందు ప్రయత్నించి ఓడినవారే! ఈ ఒక్క మాట మీరు ఇంటికి పట్టుకెళ్తే మా ప్రసంగం సార్థకమైనట్లే. ఓడిపోవడం గెలవలేమనడానికి గుర్తు కాదు. గెలిచినవారంతా దాదాపు ఆ గుమ్మం దాటి వచ్చినవారే.

అయితే ప్రతిసారీ ఒకే పద్ధతిలో పడుతూ పోతే లాభం లేదు. ఎక్కడ పడుతున్నామో చూసుకోవాలి. మేము చూసినంతలో పడే చోట్లు రెండు. ఆ రెంటికీ మన పెద్దలు ఏనాడో పేర్లు పెట్టారు.

మొదటిది ఆరంభ శూరత్వం. పండుగ అయిన మరునాడో, డాక్టరు కేకలేసిన నాడో మనం ప్రతిజ్ఞ చేస్తాము. రేపటి నుంచి అన్నం బంద్, తీపి బంద్, పొద్దున్నే గంటన్నర నడక, నెలకు పది కిలోలు తగ్గాలి! వారం రోజులు జరుగుతుంది. రెండో వారం మోకాలు నొప్పి. మూడో వారం ఇంట్లో చుట్టాలు. నాలుగో వారానికి నడక బూట్లు మంచం కిందికి చేరతాయి. తప్పు మనిషిలో కంటే ఆ లెక్కలోనే ఎక్కువ ఉంది.

నిజానికి వైద్యులు కోరేది అంత పెద్దది కాదు. ఉన్న బరువులో నూటికి 5 నుంచి 10 పాళ్ళు తగ్గితేనే రక్తపోటు, చక్కెర, మోకాళ్ళ బాధ తగ్గుముఖం పడతాయి. అమెరికాలో చక్కెర వ్యాధి అంచున ఉన్నవారితో జరిపిన ఒక పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. వారికి పెట్టిన గురి నూటికి 7 పాళ్ళ బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. అంతే. సుమారు మూడేళ్ళలో ఆ జట్టులో వ్యాధి కొత్తగా వచ్చినవారు నూటికి 58 పాళ్ళు తగ్గారు. 80 కిలోల మనిషికి 7 పాళ్ళంటే ఐదున్నర కిలోలు. మద్రాసు వైద్యులు మన భారతీయుల మీద జరిపి 2006లో ప్రకటించిన పరిశోధన మరీ ధైర్యం చెబుతుంది. అందులో తిండి, నడక మార్చుకున్నవారికి బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా, వ్యాధి రావడం నూటికి 28 పాళ్ళు తగ్గింది. కాబట్టి ముల్లు కదలలేదని నడక మానేసే సోదరులారా, మీ శ్రమ వృథా పోవడం లేదు.

అందుచేత గురి చిన్నది పెట్టుకోండి. ఆరు నెలల్లో నాలుగైదు కిలోలు చాలు. ఒక్కసారి పది నియమాలు పెట్టుకోకుండా రెండే పెట్టుకోండి. అవి కుదురుకున్నాక మూడోది. ఎలాంటివి పెట్టుకోవచ్చో కొన్ని చెబుతాము.

చాయ్ సంగతి చూడండి. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. ఎనిమిది చెంచాలంటే సుమారు 40 గ్రాములు. నెలకు కిలోం పావు దగ్గరకు వస్తుంది, అదీ ఒక్క మనిషికి, ఒక్క చాయ్‌లోనే! చాయ్ మానమని మేము అనము, అన్నా మీరు వినరు. చెంచాలు రెండు నుంచి ఒకటికి దించండి. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది.

నూనె సంగతి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకు 2000 కేలరీలు తినే పెద్ద మనిషికి నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలని ఉంది. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి ఇది నెలకు మూడున్నర లీటర్ల లెక్క. మీ కిరాణా చీటీ తీసి ఎన్ని ప్యాకెట్లు తెస్తున్నారో చూడండి. ఆరు తెస్తుంటే వచ్చే నెల ఐదున్నర తేండి. ఒక్కసారి మూడున్నరకు దించితే వంటగదిలో తిరుగుబాటు వస్తుంది.

నడక సంగతి. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. మోకాళ్ళు సహకరించనివారు పదేసి నిమిషాలు మూడుసార్లు నడవవచ్చు. ఎప్పుడో తీరిక దొరికినప్పుడు నడుద్దామంటే ఆ తీరిక దొరకదు. ఇప్పటికే తప్పకుండా జరిగే పనికి నడకను ముడివేయండి. ఫజర్ నమాజుకు వెళ్ళేవారు తిరిగి వచ్చేటప్పుడు చుట్టుదారిన రండి. ఆడవారు బయటికి వెళ్ళే వీలు లేకపోతే పిల్లలు బడికి వెళ్ళగానే మేడ మీదో, వరండాలోనో నడవండి. కాళ్ళకు రోడ్డైనా మేడైనా ఒకటే.

ఇక పడే చోట్లలో రెండవది, మొదటిదానికంటే ప్రమాదకరమైనది. "మునిగినవాడికి చలేమిటి" అన్న బుద్ధి. పది రోజులు బుద్ధిగా ఉన్న మనిషి వలీమా విందులో బిర్యానీ రెండు ప్లేట్లు లాగిస్తాడు. అక్కడితో ఆగితే పోయేదేమీ లేదు. "ఎలాగూ నియమం చెడింది" అని డబుల్ కా మీఠా రెండు గిన్నెలు తింటాడు. మర్నాడు పొద్దున నడక మానేస్తాడు. "వచ్చే ఒకటో తారీఖు నుంచి చూద్దాం" అంటాడు. ఆ ఒకటో తారీఖు ఆరు నెలలకు గాని రాదు. విందు చేసిన చెరుపు ఒక పూటది, ఈ మాట చేసిన చెరుపు ఆరు నెలలది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. కొందరికి ముందుగా చిక్కటి మిల్క్‌షేక్ తాగించి, తరువాత ఐస్‌క్రీము కావలసినంత తినమన్నారు. తిండి మీద ఆంక్షలు లేనివారు కడుపు నిండింది గనుక కొంచెమే తిన్నారు. ఆంక్షలు పెట్టుకున్నవారు మాత్రం, ఏమీ తాగకుండా వచ్చినప్పటికంటే మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. ఎలాగూ చెడిందన్న మాట చేసే పని ఇదే.

దీనికి విరుగుడు మరో పరిశోధనలో దొరుకుతుంది. లండన్ విశ్వవిద్యాలయ కళాశాల వారు 96 మందికి తలా ఒక కొత్త అలవాటు చేసుకోమని చెప్పి గమనించారు. 2009లో వెలువడిన ఆ లెక్క ప్రకారం అలవాటు కుదరడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 250 దాటుతుందని అంచనా. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన ఆ అలవాటుకు చెప్పుకోదగిన భంగం రాలేదు. కాబట్టి మా సలహా ఒక్కటే. తప్పిన పూట గురించి పంచాయితీ పెట్టకండి. దాని తరువాతి పూట మామూలుగా తినండి. పస్తులుండి ప్రాయశ్చిత్తం చేసుకోవద్దు, అది సాయంత్రానికి రెట్టింపు ఆకలి తెస్తుంది. నడక ఒక రోజు తప్పితే తప్పింది, వరుసగా రెండో రోజు తప్పకుండా చూసుకోండి. జ్వరమో, కాన్పో, ఇంట్లో చావో వచ్చి నెల రోజులు తప్పిందనుకోండి. పది నిమిషాల నడకతో మొదటి మెట్టు నుంచి రండి. అందులో నామోషీ లేదు.

ఆటంకాల్లో చాలావరకు ముందే తెలిసినవి. పెళ్ళిళ్ళ రోజులు తెలుసు, పండుగలు తెలుసు. రంజాన్ నెలలో బరువు పెరిగామనేవారు ఉన్నారు. ఉపవాసం వల్ల కాదు, ఇఫ్తార్‌లో సమోసాలు, పకోడీలు, షర్బత్, ఆపైన హలీం వల్ల. ఆ నెలలో తగ్గాలని పట్టుబట్టకండి, పెరగకుండా చూసుకుంటే అదే గెలుపు. వేపుడు ఒక్కటి ఉంచి పండ్లు, శనగలు పెంచండి. చక్కెర వ్యాధికి మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకునేవారు మాత్రం నెల మొదలవక ముందే డాక్టరును కలిసి తీరాలి. మామూలు రోజుల్లోనూ వారు తిండి ఒక్కసారి తగ్గించేస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ వడ్డించే చేతులకు ఒక విన్నపం. "నా మీద ఒట్టు, ఇంకొక్క గరిటె" అని ప్రేమతో వేసే అమ్మలు, వదినలు, అప్పాజాన్‌లు మనకు ఉన్నారు. ఆ ప్రేమను మేము కాదనము. కాని మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కే మనిషికి ఆ గరిటె వేయకపోవడం కూడా ప్రేమే. అలాగే ఇంట్లో ఒకరికి పథ్యం పెట్టి, మిగతావారు వారి ఎదుటే మిఠాయి డబ్బా విప్పడం ధర్మం కాదు. నూనె తగ్గించిన కూర ఇంటిల్లిపాదికీ ఒకటే వండండి.

తూకం వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసుకొని క్యాలెండరు మీద రాయండి. ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ ఊగడం నీటి వల్ల కూడా జరుగుతుంది, కంగారు పడవద్దు. కొన్ని నెలలకు ముల్లు కదలక నిలబడిపోతుంది. తేలికైన ఒంటికి తక్కువ తిండే సరిపోతుంది కాబట్టి అది సహజం. చాలామంది విసిగి వదిలేసేది అక్కడే. ఆ బరువును నిలబెట్టుకోవడమే అప్పటి పని అనుకోండి.

ఇక నెలలో పదిహేను కిలోలు తగ్గిస్తామనే పొడులను, పేరు లేని మాత్రలను నమ్మకండి. ఇప్పుడు వచ్చిన ఇంజెక్షన్లు, సెమాగ్లుటైడ్ వంటివి, నిజంగా పని చేస్తాయి. కాని డాక్టరు చూసి రాయవలసినవి. అవి మానేసిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చిందని 2022లో వెలువడిన పరిశోధన తెలిపింది. మందు వాడినా అలవాటు తప్పదు.

చివరగా ఒక మాట. ఇప్పటికి ఎన్నిసార్లు పడ్డారో లెక్క పెట్టకండి. నెలకు కిలో తగ్గినా మంచిదే, తగ్గకుండా పెరగడం ఆగినా మంచిదే. రేపు పొద్దున చాయ్‌లో ఒక చెంచా తగ్గించండి, పది నిమిషాలు నడవండి. ఎల్లుండి తప్పితే అవతలి రోజు మళ్ళీ నడవండి. మన పిల్లల పెళ్ళిళ్ళు మన కాళ్ళ మీద నిలబడి చేయడానికి, మనవళ్ళను ఎత్తుకోవడానికి ఈ మాత్రం శ్రమ ఎక్కువ కాదు.