అలర్జీ చర్మపరీక్షలు



దురద పుట్టినచో మన యూళ్లలో మొదట నిందకు పాత్రమగునది వంకాయ, పిదప గోంగూర. నేనును అట్టి తీర్పునే చెప్పితిని. మెడమీదను ముంజేతులమీదను ఎఱ్ఱగా పొక్కి, లేపనము పూసినపుడు తగ్గి మరల వచ్చుచుండగా, రెండేండ్లు ఆ రెండు కూరలను విసర్జించితిని. వేకువ తుమ్ములకు వెఱచి పెరుగును విడిచితిని. నేను చిక్కితిని గాని దురద చిక్కలేదు. తుదకు చర్మవైద్యులు పరీక్ష చేయించుకొమ్మనగా, అదేమో తెలియక చాలదినములు వెనుకాడితిని. నావలె వెనుకాడువారికై ఈ నాలుగు మాటలు.

హానిలేని వస్తువును శత్రువని భ్రమించి దేహము పోరాడుటయే అలర్జీ. ఈ పేరును 1906లో ఆస్ట్రియా వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టెను.

పరీక్షలు ముఖ్యముగా రెండు. మొదటిది సూదిమొన పరీక్ష. తుమ్ములకును, తిన్నవెంటనే కలుగు బాధలకును ఇది తగినది. పుప్పొడి, పరుపుధూళిలోని పురుగులు, ఆహారపదార్థములు మున్నగువాని సారమును ముంజేతిపై బొట్లుగా నుంచి, ఒక్కొక్క బొట్టులో పైచర్మమును మొనతో తాకింతురు. చీమ కుట్టినంత బాధయే. సరిపోల్చుటకై ఉప్పునీటిబొట్టు నొకదానిని, దద్దురు పుట్టించు హిస్టమిన్ బొట్టు నొకదానిని కూడ నుంతురు. 15 మొదలు 20 నిమిషములలో ఫలితము తెలియును. ఉప్పునీటి చోటికన్న 3 మిల్లీమీటర్లయినను పెద్దదైన దద్దురునే లెక్కింతురు.

సెట్రిజిన్ వంటి దురద మాత్రలు దద్దురును అణచును గనుక, వైద్యులు చెప్పిన చొప్పున సుమారు వారము ముందే మానవలెను. రక్తపుపోటు మందులను మనంతట మానరాదు. వాని పేరులు మాత్రము ముందుగా చెప్పవలెను. అరుదుగా ఆయాసము కలుగవచ్చును గావున, వైద్యులున్న చోటనే చేయించుకొని, పిమ్మట అరగంట అచటనే కూర్చుండవలెను.

రెండవది పట్టీ పరీక్ష. జుట్టురంగు, నికెలు నగలు, సిమెంటు, కొన్ని మొక్కలు తాకుటచే మెల్లగా పుట్టు పొక్కులకు ఇది తగినది. వీపున పట్టీలు అంటించి 48 గంటలుంతురు. అంతవరకు వీపు తడుపరాదు. చెమటపట్టు పని చేయరాదు. పట్టీలు తీసినపుడు ఒకసారియు, మరి రెండు దినములకు ఇంకొకసారియు చూతురు. దారిఖర్చునకు జంకి రెండవసారి పోకుండుట తగదు; కొన్ని పొక్కులు అప్పుడే బయటపడును.

నా వీపున వయ్యారిభామ మొక్క పట్టీ క్రింద ఎఱ్ఱగా పొక్కెను. ప్రతి ఉదయము పెరటిలో వట్టిచేతులతో నేను పెరికిన కలుపు అదియే! తుమ్ములకు మూలము పరుపుధూళి యని ముంజేయి చెప్పెను. వంకాయ నిర్దోషి. శనగకు మాత్రము చిన్న దద్దురు లేచెను.

"ఇక శనగలు మానవలెనా?" అని అడిగితిని.

"తిన్నపుడెన్నడైన బాధ కలిగినదా?"

"లేదు."

"అట్లయిన నిశ్చింతగా తినుడు. దద్దురు సాక్షి మాత్రమే. మీ అనుభవమును కూడ విచారించియే తీర్పు చెప్పవలెను" అనిరి.

ఈ మాట పెద్దలమైన మనకు ముఖ్యము. నా అపోహ నా కంచమునే బోసిచేసెను. కాని ఒంటిపై పొక్కు చూచినంతనే ఎదుగు మనుమలకు పాలును పప్పును మాన్పించు ఇండ్లు ఎన్నిలేవు? ఏదైన తిన్నవెంటనే పెదవులు వాచి ఊపిరి ఆడనిచో, ఇంటిలో మరల తినిపించి చూడరాదు; అది వైద్యుల పని. తక్కినయెడల విచారణ లేక శిక్ష వలదు.

నేడు నా విస్తరిలో వంకాయకూర మరల వచ్చినది. కలుపు పెరుకునపుడు చేతులకు తొడుగులు వచ్చినవి. సెలవు.