ఆఱవ సంఖ్య



ఊళ్లలో తగవులు తీర్చు పెద్దలకు నేడొక సంఖ్య కథను విన్నవించెదను.

రెండుతో మొదలిడి, వచ్చినదానిని దానితోనే గుణించుచు పొండు: 2, 4, 16, 256, 65,536. ఒక్కొక్కదానికి ఒకటి కూర్పుడు: 3, 5, 17, 257, 65,537. ఈ యైదును, ఒకటియు తామును దప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగ భాగింపబడవు. అట్టివానిని అభాజ్యసంఖ్యలందురు. ఫ్రాంసు దేశమున తులూజు నగర న్యాయాధికారియగు ఫెర్మా, 1640వ సంవత్సరమున, ఈ వరుసలోని సంఖ్యలన్నియు నట్టివే యని విశ్వసించెను.

బడిపంతులునైన తొలినాళ్లలో నేనీ మాటనే సిద్ధాంతముగ జెప్పితిని. ఒక బాలుడు లేచి, "పంతులుగారూ, అయిదింటికి నిజమైతే ఆరోదానికి కూడా నిజమని ఎట్లా తెలుస్తుందండీ?" యని యడిగెను. పెద్దల మాటకెదురాడరాదని గద్దించి వానిని గూర్చుండబెట్టితిని.

కొన్నేండ్లకొక గణితగ్రంథమున చదివితిని. ఆఱవ సంఖ్య 4,29,49,67,297. సెయింట్ పీటర్సుబర్గున నుండిన ఆయిలరు 1732లో దానిని 641 నిశ్శేషముగ భాగించునని కనుగొనెను! నమ్మజాలక, ఆ రాత్రి దీపముకడ పలక పట్టితిని. 67,00,417ను 600చే గుణింప 4,02,02,50,200, 40చే గుణింప 26,80,16,680, ఒకటిచే 67,00,417. మూడును గూడగా సరిగ నా సంఖ్యయే వచ్చెను.

ఈ సంఖ్యను భాగింపగల అభాజ్యము 64చే భాగించిన ఒకటి శేషించునదియే కావలెనని ఆయిలరు తరువాత నిరూపించెను. అట్టివి వరుసగ 193, 257, 449, 577, 641. మొదటి నాలుగింటికి శేషము మిగులును. ఐదవదానితో లెక్క తెగును. ఈ సూత్రము నెఱుగనివాడు నూఱింటికి పైగా అభాజ్యములతో భాగించి చూడవలసివచ్చును.

ఫెర్మా మహాగణితవేత్త, ఈ యొక్క మాట తప్పినంతమాత్రమున నాయన గౌరవమునకు లోపము లేదు. 1640లో ఆయన విశ్వసించితినని చెప్పెనే కాని నిరూపించితినని చెప్పలేదు. సిద్ధాంతమని చాటినవాడను నేను. ఒక్కచోట వ్యభిచరించినను వ్యాప్తి చెడునని తర్కమున జదివియు, చదివినదానిని బడిలో మఱచితిని. 65,537కు తరువాత ఈ వరుసలో నేటివఱకు మఱియొక అభాజ్యము దొరకనేలేదు.

అప్పటికా బాలుడు బడి విడిచి సేద్యమున నుండెను. పలకతో వాని యింటికి బోయి, "నాయనా, నీ ప్రశ్నే సరియైనది" అని చెప్పితిని. వాడు పలక నందుకొని, నా మాట నమ్మక, తానును గుణించి చూచెను. నాకు మిక్కిలి సంతోషమైనది.

మీ రచ్చబండకడ నెవడైన చిన్నవాడు "ఆరోది చూశారా?" యని యడిగినచో, వానిని గూర్చుండబెట్టకుడు, పలక తెప్పింపుడు. సెలవు.