మైక్రోఫోను వెనుకనున్న చిన్న పెట్టె



ఇరువదియైదు సంవత్సరములపాటు పుస్తకములను కూర్చి, అట్టలు వేసి, చెదపురుగుల బారి పడకుండ కాపాడుట ఏ గ్రామమునకైనను సామాన్యమైన పని కాదు. అయినను పుస్తకములో ఇముడని సొత్తు కొంత ప్రతి గ్రామమునందును కలదు. దంపుళ్ళ పాట, జోలపాట, బతుకమ్మ చుట్టు తిరుగుచు పాడు పాట, ఒగ్గుకథలోని రాగవరుస, వీని మాటలు అక్షరములలోనికి వచ్చును గాని గొంతు రాదు. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను సేకరించి 1950ల దశకములో ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధనవలన ఆ పాటల సాహిత్యము ఎంతో నిలిచినది. వానిని పాడిన ముత్తవ్వల కంఠములు అంతగా నిలువలేదు. కంఠమును నిలుపుటకు కావలసిన ఒక చిన్న పరికరమే ఈ ప్రసంగమునకు విషయము. దానిని ప్రీ యాంప్లిఫయరు అందురు. ఓపిక గలవారు దానిని ఇంటియందే తయారు చేసికొనవచ్చును.

నేడు చేతిలో ఫోను లేనివారు అరుదు. దానితో ముద్రించిన చాలదా యను ప్రశ్న సహజముగా పుట్టును. సంభాషణకు చాలును. కాని ఫోను మాటలాడుటకొరకు చేయబడిన యంత్రము. ఎడతెగక ఒకే తీరున వినవచ్చు ధ్వనిని రొదగా నెంచి అణచివేయుట అనేక ఫోనులకు స్వభావము. హరికథలో వెనుక మ్రోగు శ్రుతిపెట్టెయు, ఇంటికప్పున తిరుగు ఫ్యానును వానికి ఒక్కటే. మెల్లని స్వరమును పైకెత్తి, పెద్ద స్వరమును క్రిందికి త్రొక్కుటవలన పాటలోని హెచ్చుతగ్గులు చదునైపోవును. పాడినది పాడినట్లు నిలువవలెనన్నచో మైక్రోఫోనుకును ముద్రించు యంత్రమునకును నడుమ ఏ తెలివియు ప్రదర్శింపని, వచ్చినదానిని పెంచి పంపుటయే పనిగా గల పెట్టె యొకటి కావలెను.

ఈ పెంపుదల యెంత ముఖ్యమో తెలియుటకు ఒక్క పూర్వకథ చాలును. 1925కు పూర్వము గ్రామఫోను రికార్డులు విద్యుత్తు లేకుండనే ముద్రింపబడెడివి. గాయకుడు పెద్ద కొమ్ము మూతిలోనికి పాడగా, ఆ గాలి కదలికయే సూదిని కదల్చి మైనపు పళ్ళెముపై గాడి గీయించెడిది. రంగస్థలమున చివరి వరుసకు వినిపించు కంఠములకు అది సరిపోయినది. ఉయ్యాల ప్రక్కన పాడు కంఠమునకు సరిపోలేదు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు మూడవ ఎలక్ట్రోడు గల వాల్వును రూపొందించెను. తరువాత దానిని ఇతరులు మెరుగుపరచిరి. 1925లో మైక్రోఫోను, యాంప్లిఫయరుల సాయమున రికార్డులు ముద్రించు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. జోలపాటకు రికార్డులో చోటు దొరికినది అప్పుడే.

హైదరాబాదులో ఇట్టి ప్రయత్నము ఒక వ్యక్తి పట్టుదలతోనే ఆరంభమైనది. 1930ల తొలినాళ్ళలో తంతితపాలా శాఖ ఉద్యోగియైన మహబూబ్ అలీ చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న ప్రసారకేంద్రమును నడపెను. 1935లో నైజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొన్నది. దక్కన్ రేడియోగా పేరుపొందిన ఆ సంస్థ 1950 ఏప్రిల్ 1న కేంద్రప్రభుత్వపు ఆకాశవాణిలో కలిసినది. సోమాజిగూడకు పొరుగున, అమీర్‌పేటలోని సారథీ స్టూడియోలో చిత్రింపబడిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలయ్యెను. పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రమని దానికి పేరు.

స్టూడియోకు మందపు గోడలుండును, వేరు గదియుండును, జీతమిచ్చి పెట్టుకొన్న ఇంజనీరు ఉండును. సోమాజిగూడలోని అద్దె గదికి ఇవేవియు లేవు. అయినను ఆ గది పల్లెలకు దూరమైనది కాదు. అమీర్‌పేటకు కంప్యూటరు కోర్సులకొరకో, ఆ చుట్టుప్రక్కలకు ఉద్యోగముకొరకో పిల్లలను పంపని గ్రామము కనబడుట కష్టము. పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి వైద్యమునకు వచ్చిన నాయనమ్మలు, తాతలు మనుమల గదులలో దిగి, పరీక్షల ఫలితములు వచ్చువరకు నాలుగు దినములుందురు. ఆ నాలుగు దినములలో వారికి తోచదు, మాటలాడుదురు, పాడుదురు. మరల అట్టి అవకాశము వచ్చునో రాదో చెప్పలేము. అప్పటికప్పుడు పెట్టె చేయబూనినచో ఫలితముండదు. అది ముందే సిద్ధముగా ఉండవలెను.

ఇక లెక్కలకు వత్తము. సభలలో కనిపించు సాధారణ డైనమిక్ మైక్రోఫోను ముందు, నోటికి జానెడు దూరమున, మామూలు గొంతుతో మాటలాడినచో దానినుండి వెలువడు విద్యుత్తు సుమారు 0.15 మిల్లీవోల్టు. ముద్రించు యంత్రముయొక్క లైన్ ద్వారమునకు కావలసినది ఇంచుమించు 0.3 వోల్టు. అనగా రెండువేల రెట్లు పెంచవలెను. మైక్రోఫోనును జానెడునుండి మూరెడు దూరమునకు జరిపినచో వచ్చు విద్యుత్తు సగమగును. నాలుగువేల రెట్లు పెంచవలసివచ్చును. పాటతోబాటు రొదయు రెట్టింపగును. వేల రూపాయల మైక్రోఫోను కొని మూరెడు దూరమున పెట్టుటకంటె, చవుక మైక్రోఫోనును జానెడు దూరమున పెట్టుట మేలు.

రొద ఎచ్చటినుండి వచ్చును? కొంత ప్రకృతిలోనే ఉన్నది. విద్యుత్తును నిరోధించు ప్రతి వస్తువులోను వేడిమివలన ఎలక్ట్రానులు నిలకడలేక కదలుచుండును. ఆ కదలికయే సన్నని బుసగా వినవచ్చును. అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున జాన్సన్ దీనిని కొలిచి, నైక్విస్ట్ దీనికి సూత్రమును చెప్పి, ఇరువురును 1928లో ప్రకటించిరి. 200 ఓముల మైక్రోఫోను తీగచుట్టలో ఈ బుస వోల్టులో పదిలక్షలవంతుకు నాల్గవ భాగము మాత్రమే. దీనిని ఎవరును తప్పింపలేరు. తప్పింపదగినది యాంప్లిఫయరు తనంతట తాను చేర్చు బుస. కాలువ తలలో నీరు మురికిపడినచో దిగువ పొలములన్నింటికిని ఆ మురికియే పారును. అట్లే తొలి దశలో చేరిన రొద తరువాతి దశలన్నింటిలోను పాటతో సమానముగా పెరుగును. కనుక ధనమును, శ్రద్ధయు వెచ్చింపవలసిన చోటు తొలి దశయే.

పూర్వము ఈ తొలి దశకు ఇ.సి.సి. 83 అను జంట వాల్వు ప్రసిద్ధము. నేటికిని దాని మాధుర్యమును గూర్చి పలువురు పరవశించి చెప్పుదురు. ఆ మాధుర్యములో కొంత వాల్వు తనంతట చేర్చు వికారమే. సినిమా పాటకు అది శోభ కావచ్చును. నాయనమ్మ గొంతునకు అక్కరలేదు. పైగా వాల్వునకు 250 వోల్టులవరకు కావలెను. స్విచ్చి ఆపిన పిదపకూడ కెపాసిటర్లలో నిలిచియుండు విద్యుత్తు ప్రాణాపాయకరము. తొలిసారి చేయువారు దాని జోలికి పోరాదు.

వారికి అనువైనది ఎన్.ఇ. 5532 అను ఐ.సి. ఎనిమిది కాళ్ళు గల ఈ చిన్న ముక్కలో రెండు యాంప్లిఫయర్లు ఇమిడియున్నవి. కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ దుకాణములలో ఇట్టి సామగ్రి దొరకును, ఐ.సి. ఖరీదు స్వల్పము. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి, నడిమి సంధిని భూమిగా గ్రహించినచో పైన 9, క్రింద 9 వోల్టులు లభించును. గోడ ప్లగ్గు జోలి లేదు గనుక భయమును లేదు, 50 సైకిళ్ళ మ్రోతయు తగ్గును. మొదటి యాంప్లిఫయరుకు 10 కిలో ఓముల, 100 ఓముల రెసిస్టర్లను అమర్చినచో సుమారు నూరురెట్ల పెంపు వచ్చును. ఆ 100 ఓములకు వరుసగా 220 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టవలెను. లేనిచో అక్కరలేని స్థిరవిద్యుత్తు కూడ నూరురెట్లగును. ఇన్‌పుట్ కాలినుండి భూమికి 2.2 కిలో ఓములు చాలును. దశలు రెంటికిని నడుమ 10 కిలో ఓముల వాల్యూము కంట్రోలు పెట్టి, రెండవదానికి 20 కిలో ఓములు, ఒక కిలో ఓము అమర్చినచో మరి యిరువదిరెట్లు పెరుగును. రెండును కలిసి రెండువేలరెట్లు. డప్పు దగ్గరగా మ్రోగినప్పుడు ఈ కంట్రోలును బాగుగా తగ్గింపవలెను. లేనిచో రెండవ దశ తన పరిమితి దాటి, ధ్వని పగిలినట్లు వినబడును.

మైక్రోఫోను తగిలింపకముందే మీటరుతో కొలుచుట మంచిది. ఐ.సి.ని పైనుండి చూచి, గుర్తునొద్ద మొదలిడి గడియారపు ముల్లునకు ఎదురుదిశలో కాళ్ళను లెక్కింపవలెను. ఎనిమిదవ కాలియందు 9 వోల్టులు, నాల్గవ కాలియందు ఋణ 9 వోల్టులు, ఒకటవ, ఏడవ కాళ్ళయందు ఇంచుమించు సున్నా ఉండవలెను. అట్లు లేనిచో ఎచ్చటనో టంకము సరిగా అతుకలేదు, లేదా ప్రక్క కాలికి అంటినది. మెరయుచు చక్కగా పరచుకొన్న టంకమును నమ్మవచ్చును. మసకబారి ఉండగట్టినది అనుమానింపదగినది. ఈ పనిలో తప్పులలో ఎక్కువపాలు సిద్ధాంతములో గాక టంకములోనే కనబడును.

పెట్టె లోహముతో చేసినది కావలెను. బిస్కట్ల రేకుడబ్బా ఎంతయు పనికివచ్చును; ప్లాస్టిక్ డబ్బా ఎంత అందముగా ఉన్నను పనికిరాదు. భూమితీగను డబ్బాకు ఒక్క చోటనే అతుకవలెను. రెండు చోట్ల అతికినచో మరల మ్రోత ప్రవేశించును. మైక్రోఫోను తీగను రెండు గజములకు మించనీయరాదు. అంతకంటె దూరము పోవలసినచో రెండు తీగలు గల బ్యాలెన్సుడు కేబులును, డబ్బా ద్వారమున ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరును వాడవలెను. బయటి మ్రోత రెండు తీగలలోను సమానముగా చేరును గనుక, రెంటి భేదమును మాత్రమే గ్రహించు ట్రాన్స్‌ఫార్మరులో అది రద్దగును. ఆకాశవాణి వంటి కేంద్రములు పొడవైన తీగలు వాడగలుగుట ఈ ఉపాయమువలననే.

ఇంత శ్రమ యెందులకు, లోపల ప్రీ యాంప్లిఫయరు గల యు.ఎస్.బి. పెట్టెలు కొన్ని వేల రూపాయలకు దొరకుచున్నవి గదా యని అడుగవచ్చును. నిజమే; ఓపిక లేనివారు అవి కొనుటయే ఉత్తమము. చేసికొన్నవానికి రెండు లాభములు కలవు. కరెంటు లేని రాత్రియందును, పొలముగట్టునందును అది బ్యాటరీలతో పనిచేయును. మొరాయించినపుడు ఏ అతుకు విడినదో చేసినవానికే తెలియును గనుక, పల్లెలో ఉన్నను నగరమునకు పంపవలసిన పని లేదు.

పెట్టె సిద్ధమైనను సోమాజిగూడ సోమాజిగూడయే. 2018 సెప్టెంబరునుండి అమీర్‌పేట, పంజగుట్టలమీదుగా ఖైరతాబాదువైపు మెట్రో రైలు నడచుచున్నది. దాని క్రింది రోడ్డు రాత్రికిగాని నెమ్మదింపదు. కావున మెట్రో ఇంకను కదలని వేకువజామే తగిన సమయము. పల్లెనుండి వచ్చిన పెద్దవారు అప్పటికే మేలుకొనియుందురు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపవలెను. తలుపునకు, కిటికీకి బొంతలు వ్రేలాడదీసినచో గోడల ప్రతిధ్వని కొంత అణగును. ల్యాప్‌టాపు ఛార్జరును ఊడదీసినచో, అంతవరకు వేధించిన మ్రోత పలుమారు ఒక్కసారిగా మాయమగును. మైక్రోఫోనును నోటికి సూటిగా గాక కొంచెము ప్రక్కకు పెట్టినచో 'ప', 'బ' అక్షరముల గాలిదెబ్బ తగలదు.

పాడువారిని మొదట పాటలోని హెచ్చు స్థాయి చరణమును పాడుమని కోరి, మీటరు సూచి అంతిమ పరిమితికి 12 డెసిబెళ్ళు దిగువన నిలుచునట్లు కంట్రోలును త్రిప్పి, ఆ పిదప దానిని తాకరాదు. మధ్యలో ఆపి, 'మరల పాడు నాయనమ్మా' అనుటకూడ కూడదు. రెండవమారు ఆ పాటయే వేరగును. దగ్గు వచ్చినను, మాట మరచి నవ్వినను ముద్రణము సాగనిండు.

పాటకు ముందు పాడువారిచేతనే పేరు, ఊరు, ఆ పాట నేర్పినవారి పేరు, ఆనాటి తేది పలికింపవలెను. 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల ప్రమాణమున ఒకే ఛానలుగా ముద్రించినచో గంటకు సుమారు 520 మెగాబైట్లగును. దానికి రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంటియందు ఉంచి, రెండవది ఊరి గ్రంథాలయమునకు ఇచ్చి, పుస్తకములకువలెనే క్రమసంఖ్య వేయించి, పట్టికలో ఎక్కింపవలెను. డబ్బాలోని బ్యాటరీలను మాత్రము పని ముగిసిన వెంటనే తీసివేయవలెను. వానినుండి కారు రసము టంకమును తినివేయును.