మన పేరిటి పద్దు
(పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



పూర్వము షావుకారు వద్ద అప్పు తెచ్చిన రైతు సొమ్ము చెల్లించినప్పుడెల్ల నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనెడివాడు. చదువురానివాడైనను ఆ జాగ్రత్త విడువలేదు. వ్రాతలేని చెల్లింపు తగవు వచ్చిననాడు నిలువదని అతడెఱుగును. నేడు మనము చదువుకొన్నవారము. గృహఋణమును, వాహనఋణమును, క్రెడిట్ కార్డును గైకొని నెలనెల వాయిదాలు చెల్లించుచున్నాము. కాని ఆ చెల్లింపులను గూర్చి ఇతరులేమి వ్రాసికొనుచున్నారో ఒక్కనాడైనను చూచితిమా?

మన అప్పుల చరిత్రను వ్రాసియుంచు సంస్థలు ఈ దేశమున నాలుగు కలవు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2005వ సంవత్సరపు ఋణసమాచార సంస్థల నియంత్రణ చట్టము వీనికి ఆధారము. బ్యాంకులును, ఋణములిచ్చు ఇతర కంపెనీలును మన లెక్కలను ఈ నాలుగింటికిని పంపుచుండవలెను. 2025 జనవరి 1 నుండి పక్షమునకొకమారైనను పంపవలెనని రిజర్వు బ్యాంకు విధించినది. ఆ లెక్కలనుబట్టి 300 మొదలు 900 వఱకు మనకొక స్కోరు కట్టుదురు. అది హెచ్చయినచో ఋణము సులభమగును; తగ్గినచో వడ్డీ పెరుగును, లేదా దరఖాస్తే తిరిగివచ్చును. దీని ప్రభావము అప్పుతోడనే ముగియదు. స్టేట్ బ్యాంకు ఉద్యోగమునకు ఎంపికయిన ఒక అభ్యర్థి నియామకము, అతని అప్పుల చరిత్ర కారణముగా రద్దుకాగా, 2025లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును సమర్థించినది.

ఇంత బలముగల వ్రాతలో తప్పు దొరలినచో గతియేమి? తీర్చిన బాకీ తీరనట్లుండవచ్చును. మనపేరే గల మఱియొకని అప్పు మన పద్దున చేరవచ్చును. మన పాన్ సంఖ్యను అపహరించి ఎవడో ఫోను ద్వారా అప్పు తీసికొనియుండవచ్చును. ఇవి సామాన్యముగా ఎప్పుడు బయటపడును? కుమార్తె చదువునకో, ఇల్లు కట్టుటకో ఋణమడిగిన దినమున. కళాశాల రుసుమునకు గడువు ముంచుకొనివచ్చిన వేళ తప్పును దిద్దించుటకు వ్యవధి యెక్కడిది?

కావున ముందే చూచుకొనవలెను. అందులకు మనకు హక్కు కలదు. ఈ నాలుగు సంస్థలును ఒక్కొక్కరికి ఏటేట ఒక పూర్తి నివేదికను, స్కోరుతో సహా, ఉచితముగా ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపించినది. ఆ యేర్పాటు 2017 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. ఆ సంస్థల వెబ్‌సైటులో పేరు, పుట్టినతేది, పాన్ సంఖ్య, ఫోను సంఖ్య తెలిపి, ఫోనునకు వచ్చిన ఓటీపీని నమోదుచేసినచో నివేదిక లభించును. అచ్చట రుసుము గల పథకములును కనిపించును. వానికి లోబడక ఉచిత నివేదికనే కోరుడు. సంస్థలు నాలుగు గనుక, మూడునెలల కొకదాని వద్ద తెచ్చుకొన్నచో, కానియైన వెచ్చింపక ఏడాది పొడుగున మన పద్దును కనిపెట్టియుండవచ్చును. చూచినంతనే స్కోరు తగ్గునను భయము వలదు. ఋణము కోరినపుడు బ్యాంకువారు విచారించుట వేరు, మన చరిత్రను మనము చూచుకొనుట వేరు. రెండవదానివలన స్కోరునకు హాని లేదు.

నివేదిక చేతికి వచ్చిన పిమ్మట స్కోరును మాత్రము చూచి మడిచిపెట్టరాదు. మొదట పేరు, పుట్టినతేది, చిరునామా సరిచూడుడు. తరువాత ఒక్కొక్క ఖాతాను పరిశీలింపుడు: ఇది మనము తీసికొన్నదేనా? నిలువ సరిగానున్నదా? తీర్చినదానికి ‘క్లోజ్డ్’ అని యున్నదా? ‘సెటిల్డ్’ అని యున్నచో, బ్యాంకు కొంత సొమ్ము వదలుకొని రాజీపడెనని అర్థము, అది మచ్చయే. ఇతరులకు మనము పూచీపడిన ఋణములును ఇందు కానవచ్చును. వారు ఎగవేసినచో ఆ కళంకము మనకును అంటును. కడపట, మనలను గూర్చి ఏయే సంస్థలు విచారించినవో ఆ పట్టీ చూడుడు. మనము దరఖాస్తు చేయని కంపెనీ పేరు అందున్నచో వెంటనే మేలుకొనవలెను.

తప్పు కనబడినచో ఆ సంస్థకు ఫిర్యాదు పంపుడు. ఋణమిచ్చిన బ్యాంకునకును వ్రాయుడు. బ్యాంకు ధ్రువపఱుపనిదే సంస్థ తనంతట వ్రాతను మార్పదు. బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన పత్రమును భద్రపఱచినవాని పని ఇచ్చట తేలికయగును. ముప్పది దినములలో ఫిర్యాదు పరిష్కారము కానిచో, ఆపైని దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమీయవలెనని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు శాసించినది. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కలడు. ఈ నాలుగు సంస్థలును 2022 సెప్టెంబరు 1 నుండి అతని విచారణ క్రిందకు వచ్చినవి.

ఒక్క హెచ్చరిక. తప్పును దిద్దించుటకే ఈ హక్కు కాని, నిజమును చెరుపుటకు గాదు. వాయిదా తప్పిన మాట వాస్తవమైనచో దానిని ఎవ్వరును తుడువజాలరు. సొమ్మిచ్చిన చాలును, చరిత్రను కడిగివేసెదమని చెప్పువారిని నమ్మకుడు. బాకీ తీర్చి, ఇకముందు వాయిదాలు తప్పకుండుటయే దానికి మందు.

సోదరులారా! చట్టము తలుపు తెఱచినది. లోనికి పోవలసినవారము మనము. ఇచ్చట ప్రతిదినము లోకవార్తలు చదువుచున్నారము. ఈ వారము ఒక గంట కేటాయించి మన పేరిట వ్రాయబడిన ఆ నాలుగు పుటలను గూడ చదువుదము. తెలియనివారికి తెలిసినవారు తోడుపడి చదివి వినిపింతురు గాక.