ఆరుబయట పిల్లల ఫోటోలు
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను విద్యా రుణాల గురించి మాట్లాడమన్నారు. రుణాల సంగతి నాకంటే బాగా చెప్పగల ఆఫీసర్లు ఈ సభలోనే ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను బి.కాం. చదివి గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుకని ఫోటోల గురించి మాట్లాడతానన్నాను. ఆయన కాస్త తటపటాయించి సరేనన్నారు. ఈ ఏడాది దరఖాస్తులకు అంటించిన ఫోటోలు ఆయన కూడా చూశారు కదా, అందుకే ఒప్పుకున్నారనుకుంటాను.

కౌంటరులో కూర్చున్నన్నాళ్ళూ నా పనిలో సగం ముఖాలు పోల్చుకోవడమే. ఎదురుగా ఉన్న మనిషి, కాగితం మీది ఫోటో, సంతకం లేదా వేలిముద్ర, ఈ మూడూ ఒకరివేనా అని చూసుకోవాలి. 1990ల నుంచి ఖాతాదారుల ఫోటో తప్పనిసరి అయ్యాక ఆ పని ఇంకా పెరిగింది. 2014 ఆగస్టులో జన్ ధన్ పథకం వచ్చినప్పుడు కొండల మీది ఊళ్ళలో శిబిరాలు పెట్టాం. దుప్పటి కట్టి, దాని ముందు ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి, లాప్‌టాప్‌కు తగిలించిన చిన్న కెమెరాతో ఫోటోలు తీసేవారు. నలభై యాభై ఏళ్ళు వచ్చిన మనిషికి అదే మొదటి ఫోటో అయిన సందర్భాలు నాకు తెలుసు. కళ్ళు మూసుకుపోయి ఉన్నా, ముఖం సగం చీకట్లో ఉన్నా ఫారానికి అది చాలు. ఆ మనిషికి చాలుతుందా అన్న ఆలోచన నాకు అప్పుడే మొదలైంది. 2019లో విరమణ అయ్యాక మా అబ్బాయి ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొనిచ్చాడు. అప్పటి నుంచి ఆరుబయట పిల్లల ఫోటోలు తీయడం నేర్చుకుంటున్నాను. ఇప్పటికీ నేర్చుకునేవాణ్ణే, కనుక నా మాటలను గురువుగారి పాఠంలా తీసుకోకండి.

ముందుగా తల్లిదండ్రులకు ఒక సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట మన ట్రస్టు సాయం పొందిన ఒక అమ్మాయి ఒక ప్రవేశ పరీక్షకు వెళ్ళింది. హాల్ టికెట్ మీది ఫోటో ఒక స్టూడియోలో తీయించినది. స్టూడియో అబ్బాయి కంప్యూటరులో ముఖాన్ని నునుపు చేసి, రంగు రెండు మూడు మెట్లు తెలుపు చేసి, బుగ్గ మీది పుట్టుమచ్చ కూడా తీసేశాడు. వాళ్ళమ్మగారే అలా చేయమన్నారట. పరీక్ష హాలు గుమ్మం దగ్గర ఉన్నాయన ఫోటోనూ పిల్లనూ మార్చి మార్చి చూసి పక్కకు నిలబెట్టారు. ఆధార్ కార్డు చూపించి, గేటు బయట ఉన్న తండ్రి చేత కాగితం రాయించి లోపలికి పంపేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఏడాది ఆమెకు సీటు రాలేదు. ఇరవై నిమిషాల వల్లనే రాలేదని నేను అనను. కాని ఆ ఇరవై నిమిషాలూ ఆ పిల్లవి. గుమ్మం దగ్గరున్నాయనను కూడా నేను తప్పుపట్టలేను. కౌంటరులో ఆ ఫోటో నా ముందుకు వచ్చి ఉంటే నేనూ ఆపేవాణ్ణి.

"మా పాప కాస్త తెల్లగా రావాలండీ" అని నన్ను కూడా అడుగుతారు. పాప పక్కనే నిలబడి వింటూ ఉంటుంది. పిల్ల రంగులో లోపమేమీ లేదు, లోపం ఎక్కడుందో ఒక పాత కథ చెబుతుంది. కోడక్ వారి ఫిల్ముల కాలంలో, 1950ల నుంచి, ప్రింట్లలో రంగులు సరిచూసుకోవడానికి ల్యాబులకు ఒక నమూనా ఫోటో పంపేవారు. అందులో ఉండేది ఒక తెల్లజాతి యువతి. ఆ కంపెనీలో షర్లీ అనే ఉద్యోగిని ఉండేవారు, ఆమె పేరు మీదనే దాన్ని షర్లీ కార్డు అనేవారు. ఆమె చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా ఉన్నట్టు లెక్క. మిగతా ప్రపంచం ముఖాలు ఎలా వచ్చినా పట్టించుకోలేదు. చాక్లెట్లు, చెక్క సామాను అమ్మే కంపెనీలు తమ సరుకు రంగు ఫోటోల్లో సరిగా రావడం లేదని ఫిర్యాదు చేశాక గోధుమ రంగు ఛాయల మీద శ్రద్ధ పెట్టారని ఆ కంపెనీలో పనిచేసినవారే తర్వాత చెప్పారు. వేర్వేరు వర్ణాల స్త్రీలున్న కార్డులు 1990లలో వచ్చాయి. నల్లటి ముఖం ఫోటోలో బాగా రాకపోతే సరిచేయవలసింది వెలుగును, కెమెరాను. పిల్లను కాదు.

ఇక ఆ వెలుగు సంగతి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మధ్యాహ్నం ఎండలో పిల్లను నిలబెడితే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కనుబొమ్మల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పెదవి మీద పడి ముఖం పెద్దదాని ముఖంలా కనిపిస్తుంది. పైగా కళ్ళు చిట్లించుకుంటుంది. అదే పిల్లను నాలుగడుగులు వెనక్కి, వసారాలోకి రమ్మని, బయటి వెలుగు వైపు ముఖం తిప్పమనండి. నీడలో ఉండాలి, ఆకాశం కనిపిస్తూ ఉండాలి. పాత ఇళ్ళ అరుగులు ఇందుకే కట్టారా అన్నట్టు ఉంటాయి. చెట్టు నీడ మంచిదని అందరూ అనుకుంటారు. చింతచెట్టు కింద ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముక్కలు బుగ్గల మీద చిరుతపులి మచ్చల్లా పడతాయి. దట్టమైన మామిడి నీడ అయితే ఫరవాలేదు, అదీ నీడ అంచున.

మన రెండు జిల్లాల వెలుగు ఒకటి కాదు. రాయగడ సముద్ర మట్టానికి 200 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటే, కోరాపుట్ 870 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో రాయగడలో ఉదయం ఎనిమిదికే ఎండ కరుకెక్కుతుంది. కోరాపుట్, సెమిలిగుడల్లో చలికాలం ఉదయం మంచు పట్టి ఉంటుంది. మంచు అంటే వెలుగుకు కట్టిన పలచటి తెల్లగుడ్డ అనుకోండి. నీడలు ఉండవు, కళ్ళు విచ్చుకుని ఉంటాయి, నల్లటి చర్మం మీది మెరుపు అందంగా వస్తుంది. కాకపోతే పిల్లల ముక్కులు కారుతూ ఉంటాయి, ఒక చేతిరుమాలు దగ్గర ఉంచుకోవాలి. సాయంత్రం మాత్రం కొండల మధ్య తొందరపడాలి. మైదానంలో లాగా ఆరింటి దాకా వెలుగు ఉంటుందనుకోకండి, సూర్యుడు కొండ వెనక్కి ముందే వెళ్ళిపోతాడు.

దరఖాస్తు ఫోటోకు వెనుక తెల్లగా ఉండాలంటారు కదా. తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోన్‌తో తీస్తే ముఖం నల్లబడుతుంది. కెమెరా ఒక్కోసారి ముఖాన్ని పట్టించుకోదు. తెలుపు ఎక్కువ కనబడేసరికి వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం బొమ్మను తగ్గించేస్తుంది. ఫోన్ తెర మీద పిల్ల ముఖాన్ని వేలితో తాకండి, పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరపండి. పిల్లను గోడకు ఆనించకుండా మూడు నాలుగు అడుగులు ముందుకు నిలబెడితే గోడ మీద నీడ పడదు. మీరు ఐదారు అడుగుల దూరంలో ఉండి రెండింతలు దగ్గరకు తెచ్చుకుని తీయండి. మరీ దగ్గరకు వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఇవన్నీ చేసే ముందు ఫోన్ కెమెరా అద్దం తుడవండి. వంటింట్లో తిరిగిన ఫోన్ మీద నూనె మరక ఉంటుంది, నవ్వకండి, నేను చూసిన మసక ఫోటోల్లో సగానికి కారణం అదే.

కెమెరా ఉన్న పిల్లలకు రెండు మాటలు. పిల్లలు కదులుతూ ఉంటారు, కనుక షట్టరు వేగం సెకనులో 250వ వంతు కంటే తగ్గనీయకండి, పరుగెత్తే పిల్లలైతే 500వ వంతు. ఫోకస్ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. 50 ఎం.ఎం. లెన్సు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కొనుక్కోండి, అంతకు మించి ఖర్చు పెట్టకండి. ట్రస్టు డబ్బు మాత్రం దానికి వాడకండి!

మోకాళ్ళ మీద కూర్చోవడం అన్నిటికంటే ముఖ్యం. నా వయసులో కష్టమే, అందుకని చిన్న ముక్కాలి పీట తీసుకువెళతాను. నిలబడి కిందికి చూసి తీస్తే పిల్లవాడు ఎవరినో బతిమాలుతున్నట్టు ఉంటాడు. వాడి కళ్ళ ఎత్తుకు దిగితే మనతో మాట్లాడుతున్నట్టు ఉంటాడు. "నవ్వు, నవ్వు" అనకూడదు. అలా అంటే పళ్ళు బయట పెడతారు, నవ్వరు. నేను వాళ్ళ లెక్కల మాస్టారి గురించి అడుగుతాను.

రఘు రాయ్ పేరు మీలో కొందరు విని ఉంటారు. ఇంజనీరింగు చదివిన మనిషి. 1965 ప్రాంతంలో ఆయన అన్నగారి స్నేహితుడొకరు ఒక పల్లెలో పిల్లల ఫోటోలు తీయడానికి వెళుతుంటే, అన్నగారి దగ్గర కెమెరా అడిగి తీసుకుని తోడు వెళ్ళారు. అక్కడ ఒక గాడిద పిల్ల కనిపించింది. ఆయన దగ్గరకు వెళితే అది పారిపోయింది, వెంటపడ్డారు, ఊరి పిల్లలు చూసి నవ్వారు. చివరకు గాడిద పిల్ల అలిసి నిలబడింది, ఆయన తీశారు. అన్నగారు ఆ ఫోటోను లండన్ టైమ్స్ పత్రికకు పంపితే అచ్చయింది. పిల్లల ఫోటోలకని వెళ్ళి గాడిద ఫోటోతో ఫోటోగ్రాఫరైపోయారు. ఇది విన్న తండ్రులు కంగారు పడకండి, ఇంజనీరింగు పూర్తి చేశాకే ఆయన ఆ పని చేశారు.

ఇప్పుడు కాస్త బరువైన సంగతి. చాటికొణ బుధవారం సంతకు డొంగ్రియా కొంధు కుటుంబాలు నియమగిరి మీద నుంచి దిగుతాయి. తల్లులు సరుకులు అమ్ముకుంటూ ఉంటే పిల్లలు పక్కన కూర్చుంటారు. వాళ్ళ ముక్కు పుడకలు, జుట్టు ముడులు చూసి కెమెరాలు పట్టుకున్నవాళ్ళు ముఖం మీదికి వెళ్ళడం నేను చూశాను. బయటి ఊరివాళ్ళే కాదు, మనవాళ్ళూ ఉన్నారు. 2012లో ఒడిశా ప్రభుత్వం ఇలాంటి తెగలుండే చోట్లకు వెళ్ళే పర్యాటకుల మీద, ఫోటోల మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. నేను సంతలో కెమెరా సంచిలోంచి తీయను. మన ఇంటి పిల్లను అడగకుండా ఎవరో ఫోటో తీసుకుపోతే ఊరుకుంటామా? ఊరి పిల్లల్లో నాకు పరిచయమైనవాళ్ళను కూడా ముందు తల్లిని అడిగి, తర్వాత పిల్లను అడిగి తీస్తాను. వచ్చీరాని దేశియాలో అడిగినా వాళ్ళు అర్థం చేసుకుంటారు. పిల్ల తల అడ్డంగా తిప్పితే అంతే, తల్లి ఒప్పుకున్నా తీయను.

1984లో పెషావర్ దగ్గర శరణార్థుల శిబిరంలో, బడి గుడారంలో, స్టీవ్ మెక్‌కరీ అనే ఫోటోగ్రాఫరు ఒక ఆఫ్ఘన్ బాలిక ఫోటో తీశారు. మరుసటి ఏడాది జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖపత్రం మీద వచ్చింది. ఆ ఆకుపచ్చ కళ్ళు ప్రపంచమంతా చూసింది. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. 2002లో వెతికి పట్టుకున్నాక గాని షర్బత్ గులా అన్న పేరు తెలియలేదు. 2016లో ఆమెను నకిలీ గుర్తింపు కార్డు కేసులో పాకిస్తాన్‌లో అరెస్టు చేసి, దేశం నుంచి పంపించేశారు. ఎన్నో గుర్తింపు కార్డులు సరిచూసినవాణ్ణి కనుక ఈ వార్త నాకు ఇంకోలా తగిలింది. అన్ని దేశాలూ గుర్తుపట్టే ముఖమే, తన ముఖం మీద తనకు ఒక కాగితం లేదు.

అందుకే నేను ఒక చిట్టా పెట్టుకున్నాను. బ్యాంకు అలవాటు. ఎడమ పక్క తేదీ, ఊరు, పిల్ల పేరు, తల్లి లేదా తండ్రి పేరు. కుడి పక్క ప్రింటు ఇచ్చిన తేదీ. కుడి పక్క ఖాళీగా ఉంటే అది నా బాకీ. "పంపిస్తానమ్మా" అని చెప్పి పంపనివాళ్ళను పిల్లలు చాలామందిని చూశారు. ప్రింటుకు పది పదిహేను రూపాయలు అవుతుంది. సెమిలిగుడ పక్క పల్లెలో ఒక ఏడాది పాప ఫోటోకు రెండు ప్రింట్లు అడిగారు. తండ్రి కేరళలో పనికి వెళ్ళి పాప పుట్టాక ఇంకా ఇంటికి రాలేదు. అక్కడికి వెళ్ళే పక్కింటి కుర్రాడి చేత ఒకటి పంపారు. రెండోది నానమ్మ చోళ్ళ డబ్బాలో, రేషన్ కార్డుతో పాటు దాచింది. ఈ ఏడాది జూలై దాకా ఉన్న లెక్క ప్రకారం నా బాకీ పదకొండు ప్రింట్లు.

వాట్సాప్, ఫేస్‌బుక్కుల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. పిల్ల పేరు, బడి పేరు, యూనిఫాం మీది గుర్తు, ఊరు, ఇవన్నీ ఒకే ఫోటోలో కలిపి బయట పెట్టకండి. బహుమతి వచ్చిన సంతోషంలో అందరూ చేసేది అదే. విలేకరి కావాలనుకునే విద్యార్థులు ఒకటి గుర్తుంచుకోవాలి. కేసులో ఉన్న పిల్లలు, నేరానికి గురైన పిల్లలు, సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల ఫోటోలు, పేర్లు, బడి వివరాలు అచ్చు వేయడం 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం నేరం.

వచ్చే ఏడాది దరఖాస్తులు మొదలయ్యే వారం ఆదివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఈ భవనం వసారాలో నేను కెమెరాతో, ముక్కాలి పీటతో ఉంటాను. డబ్బులేమీ లేవు. పౌడరు ఎక్కువ రాయకుండా, చలికోటు లోపలి కాలరు కనబడేలా పిల్లలను తీసుకురండి. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి.