ప్రజోపయోగ నిర్మాణములు – శివారు గ్రామముల యోగక్షేమములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. కాలువలు, తూములు, కరకట్టలు, మంచినీటి చెరువులు మొదలగు ప్రజోపయోగ నిర్మాణములు ఎట్లు నడుపబడవలయునో చెప్పుమని మమ్ము ఆజ్ఞాపించిరి. ఇది ఇంజనీర్లకు మాత్రమే తగిన విషయమని కొందఱు తలపవచ్చును. పాలకాయతిప్పయందు నిలిచి చూచినవా రట్లు తలపజాలరు. కృష్ణానది సముద్రమున గలియు హంసలదీవికి చేరువనున్న యీ గ్రామమునకు ఒకవైపు ఉప్పునీరు, మఱియొకవైపు మంచినీరు. రెంటి నడుమ అడ్డమైనవి మట్టికట్టలును, తూముల తలుపులును మాత్రమే. అవి చక్కగా కట్టబడినచో పంటయు, త్రాగునీరును దక్కును. లేనిచో రెండును పోవును.

మన డెల్టాకు నీరు విజయవాడ వద్ద మొదలగును. అచ్చట 1852 – 1855 సంవత్సరముల నడుమ కెప్టెన్ ఆర్ ఆధ్వర్యమున ఆనకట్ట కట్టబడెను. దాదాపు నూఱేండ్లు సేవచేసిన ఆ కట్టడము 1952లో తెగెను. దానికి మారుగా 1954లో ఆరంభమై 1957లో ముగిసిన బ్యారేజి ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేర వెలసినది. 70 గేట్లు గల యీ బ్యారేజి క్రింద సుమారు 13 లక్షల యెకరములు సాగగుచున్నవి. అచ్చట బయలుదేరిన నీరు నది యెడమగట్టు వెంబడి కాలువలో సాగి, పులిగడ్డ వద్ద నదీపాయను అక్విడక్టుమీదుగా దాటి, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతములకు చేరవలయును. త్రోవలో ఒక గట్టు క్రుంగినను, ఒక షట్టరు చెడినను, ఆ లోటు ముందుగా కనబడునది విజయవాడలో గాదు, శివారు పొలములోనే. కావున నిర్మాణము యొక్క మంచిచెడ్డలను తలవద్ద గాక తోకవద్ద కొలువవలయు ననునదియే మేము మనవిచేయదలచిన ముఖ్యాంశము. ప్రారంభోత్సవపు శిలాఫలకము పనికి కొలత కాదు. కట్టకడపటి రైతు మడికి చేరిన నీరే కొలత.

ఇట్టి పనులకు మొదటి యజమాని కాలము. కాలువలో నీరు పారుచుండగా తూము కట్టుట సాధ్యము గాదు. వేసవియందు కాలువలు కట్టివేసిన కొలది వారములే పనికి దొరకును. తొలకరి వచ్చినంతనే రైతు నీరడుగును. ఆ లోపల పునాది త్రవ్వి, నీరు తోడి, కాంక్రీటు పోసి, అది గట్టిపడువఱకు తడిపి, షట్టరు బిగింపవలయును. కాలువ మూసిన పిమ్మట టెండరు పిలిచి, టెండరు ముగిసిన పిమ్మట కంకర వెదకినచో పని సగములో నుండగనే నీరు వచ్చును. అంతట తొందరలో అడ్డుకట్టలు వేసి, చేసిన పనినే పాడుచేయవలసివచ్చును. నీరు మూయుటకు ముందే కంకరయు, ఇనుమును, సిమెంటును, షట్టరును గట్టుమీద నుండవలయును. గ్రామముల మంచినీటి చెరువులు కూడ అంతకుముందే నింపబడి యుండవలయును. లేనిచో ఒకరి తూముకొఱకు మఱియొకరి కడవ ఎండును.

రెండవది ఎస్టిమేటు. సముద్రతీరమున కాంక్రీటుకు ఉప్పునీరు గాని, కడుగని సముద్రపుటిసుక గాని వాడరాదు. ఉప్పు చొచ్చినచో లోని యినుము త్రుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును చీల్చును. అందుచే కలుపుటకును, తడుపుటకును మంచినీరు దూరమునుండి తేవలయును. ఆ ఖర్చును ఎస్టిమేటులో వ్రాయక, కంట్రాక్టరు తన చేతినుండి పెట్టునని యాశించుట వెఱ్ఱి. అట్లే కట్టకు వలయు జిగురుమట్టి తిప్పనేలలో దొరకదు, దూరమునుండి తోలవలయును. ఆ లీడు లెక్కగట్టనిచో కట్టకాళ్లయొద్దనే గోతులు త్రవ్వి ఇసుకమట్టి యెత్తుదురు. అట్టి కట్ట చూపున కెత్తుగానే యుండును. పెద్ద పోటు తగిలిననాడు గాని దాని బలహీనత తెలియదు. తక్కువ ధర పొదుపు గాదు. సరియైన లెక్కయే పొదుపు.

మూడవది కప్పబడు పనిని గూర్చిన జాగ్రత్త. పునాదిలోతు, ఇనుపకడ్డీల యెడము, కట్టలో పొరపొరకు నీరు చల్లి దిమ్మిస వేయుట – ఇవి పని ముగిసిన పిమ్మట కంటి కగపడవు. కావున కప్పకముందే అధికారి స్వయముగా చూచి, కొలిచి, పనిచోటనే కొలతల పుస్తకమున వ్రాయవలయును. ఇంటివద్ద కూర్చుండి వ్రాసిన కొలత కొలత గాదు.

నాల్గవది పని ముగిసిన పిమ్మటి పోషణము. రత్నకోడు, లింగన్నకోడు వంటి మురుగు కాలువలు దివిసీమ నీటిని సముద్రమువైపు గొనిపోవును. ఇట్టి కాలువల చివర తూముల తలుపులను పాటున తెరచి, పోటున మూయవలయును. ఆటుపోటులు సాధారణముగా దినమునకు రెండుమార్లు వచ్చును. ఉప్పుగాలికి మరలు త్వరలో త్రుప్పుపట్టును. గ్రీజు పెట్టు లస్కరు లేక, మార్చుటకు మర లేక, తలుపు సగమున నిలిచిపోయినచో లక్షలు వెచ్చించి కట్టిన తూమే ఉప్పునీటికి రాజమార్గ మగును. 2024 సెప్టెంబరు వరదలలో ప్రకాశము బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము వచ్చెను. కొట్టుకొనివచ్చిన పడవలు తగిలి కొన్ని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతినెను. నిపుణులు కొలదిదినములలోనే వానిని మార్చిరి. పెద్ద బ్యారేజికి దక్కిన ఆ శ్రద్ధ శివారు తూమునకును దక్కవలయును. దాని తలుపు చెడిన సంగతి పత్రికలలో రాదు. పైరు ఎఱ్ఱబడినప్పుడే తెలియును.

1977 నవంబరు 19వ తేదీని ఈ సీమలో మఱచినవారు లేరు. ఆనాటి ఉప్పెన వేలకొలది ప్రాణములను గొనిపోయెను. అంతటి కెరటమును ఏ మట్టికట్టయు పూర్తిగా నాపునని మేము చెప్పజాలము. ముందుగా హెచ్చరిక, చేర నొక గట్టికట్టడము, చేరుటకు నడువదగిన బాట – ఈ మూడును గూడ నిర్మాణములో భాగములే. బాట లేని తుపాను ఆశ్రయము చీకటిరాత్రి ఎవ్వరికి నుపయోగపడును?

ఇక మన విషయము. మనలో వలపట్టువారును, నాగలిపట్టువారును గలరు. మన బిడ్డలు ఇంజనీర్లగుచున్నారు. కొందఱు కంట్రాక్టులు చేయుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే మన యిండ్లలో వినబడు మాట యొకటి కలదు: “అబ్బాయీ, కంట్రాక్టరు మనవాడే గదా! బిల్లు కాస్త చూచి పంపరాదా?” వినుటకిది బంధుప్రీతివలె నుండును. ఆ బిల్లులో తఱిగిన సిమెంటు ఎవరి కట్టలోనిది? ఆ కట్టక్రింద నిద్రించువారును మనవారే గదా! ఒక మనవానికి మేలుచేసి నూర్గురు మనవారికి కీడుచేయుటను ప్రీతి యనరాదు. పైగా కెరటమునకు కులము తెలియదు. ఆ కట్టవెనుక నున్న యితరుల బిడ్డలును మన బిడ్డలవంటివారే.

కావున మా మనవి మూడు మాటలు. ఉద్యోగమందున్న మన యువకునియొద్దకు సిఫారసుతో నెవ్వరును పోరాదు. పని జరుగుచుండగా ప్రతి గ్రామమునుండి ఇద్దరు ముగ్గురు పెద్దలు పోయి చూచి, సందేహమున్నచో వ్రాతమూలకముగా అధికారులకు తెలుపవలయును. పని ముగిసిన పిమ్మట తూము తలుపు తిరుగుచున్నదో లేదో ఏటేట తొలకరికి ముందు చూచి వ్రాసియుంచవలయును. ఇందులకు ధనమక్కఱలేదు; పట్టుదల చాలును.